కృష్ణ మీద మరో రైలు వంతెన: ఎర్రుపాలెం–నంబూరు లైను వెనక కథ

రైళ్ల వార్తలంటే ఇప్పుడు మన దగ్గర వినిపించేవి రెండే. ఒకటి వందేభారత్, రెండోది విశాఖ జోన్. రెండూ ముఖ్యమైనవే. విశాఖ కేంద్రంగా 2019 ఫిబ్రవరిలో ప్రకటించిన దక్షిణ కోస్తా జోన్ కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగితే సంతోషించనిదెవరు? అయినా గుంటూరు, బెజవాడల మధ్య తిరుగుతూ పెరిగి, రైళ్లంటే ప్రాణం పెట్టే నాకు వీటన్నిటికంటే పెద్ద వార్త 2024 అక్టోబర్ 24న వచ్చింది. కాజీపేట–బెజవాడ లైను మీదున్న ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా గుంటూరు పక్కనున్న నంబూరుకు 57 కిలోమీటర్ల కొత్త లైనుకు ఆ రోజు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖర్చు 2,245 కోట్ల రూపాయలు. అందులో కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన ఉంది. దీన్ని అందరూ రాజధాని రైలు లైను అంటున్నారు. అమరావతికి రైలు రావాల్సిందే, కానీ ఈ లైనుతో ఎక్కువ మేలు జరిగేది బెజవాడకని నా నమ్మకం.

బెజవాడను ఇంత పెద్ద జంక్షన్ చేసింది నదే. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య కృష్ణ ఇరుకుగా పారుతుంది. 1850లలో ఆనకట్ట ఇక్కడే కట్టారు. అది 1952లో తెగాక, 1957కల్లా ప్రకాశం బరాజ్ కూడా ఇక్కడే వచ్చింది. బరాజ్ పొడవు కిలోమీటరున్నర కూడా ఉండదు. అదే అమరావతి వైపు నదిని దాటాలంటే మూడు కిలోమీటర్లకు పైగా వంతెన కావాలి. ఆ కాలంలో రైలు ఇంజనీర్లు ఎక్కడ దాటాలని చూసి ఉంటారో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

1889లో నిజాం రైల్వే వరంగల్ వైపు నుంచి బెజవాడ చేరింది. గుంతకల్లు, గుంటూరు మీదుగా సదరన్ మరాఠా కంపెనీ మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు వెడల్పుండే చిన్న లైను) లైను వేసుకుంటూ వచ్చింది. కటక్ వైపు నుంచి ఈస్ట్ కోస్ట్ లైను దిగింది. 1893కల్లా కృష్ణ మీద రైలు వంతెన సిద్ధమైంది. 1899లో మద్రాసు లైను వచ్చి కలిసింది. మరుసటి ఏడాది రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన కూడా తెరిచాక, హౌరా నుంచి మద్రాసు దాకా బండి దిగకుండా వెళ్లే దారి ఏర్పడింది. పదేళ్లు గడిచాయో లేదో, నాలుగు దిక్కుల పట్టాలూ బెజవాడలో ముడిపడ్డాయి. తర్వాత వేసిన లైన్లన్నీ ఆ ముడిని ఇంకా బిగించాయి.

మా చిన్నప్పుడు పల్నాడు వైపు నుంచి గుంటూరుకు మీటర్ గేజ్ బండిలో వచ్చేవాళ్లం. గుంటూరులో సామాన్లు మోసుకుంటూ పెద్ద లైను బండికి పరుగు. మంగళగిరి దాకా బండి హుషారుగానే వచ్చేది. కృష్ణా కెనాల్ జంక్షన్‌కు రాగానే ఆగిపోయేది. తెనాలి వైపు నుంచి వచ్చే లైను, మా గుంటూరు లైను కలిసేది అక్కడే. ఒక్కోసారి పక్క పట్టాల మీద మద్రాసు బండి కూడా నిలబడి ఉండేది. ముందు ఎవరికి సిగ్నల్ ఇస్తారా అని రెండు బండ్ల జనమూ కిటికీల్లోంచి చూస్తుండేవాళ్లు. మెయిలుదే ఎప్పుడూ గెలుపు. ప్యాసింజర్ వాళ్లం మళ్లీ కూర్చునేవాళ్లం. నాకు రైళ్ల పిచ్చి పట్టింది అక్కడే. ఇంజన్ నంబర్లు రాసుకోవడం, ఏ బండి ఎందుకు ఆగిందో పెద్దవాళ్లను అడగడం అక్కడే మొదలుపెట్టాను. వంతెన ఎక్కాక కొండ మీద అమ్మవారి గుడి కనిపించగానే బోగీ అంతా చేతులు జోడించేది, అది వేరే ఆనందం. అది దాటాక మళ్లీ ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆగేవాళ్లం. ఆసుపత్రికో, పరీక్షకో వెళ్లేవాళ్ల మొహాల్లో అప్పటి టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఇప్పుడు పరిస్థితి మారలేదా అంటే, మారింది. సిగ్నలింగ్ కొత్తది వచ్చింది. కాజీపేట–బెజవాడ మూడో లైను 219 కిలోమీటర్లు, బెజవాడ–గూడూరు మూడో లైను 288 కిలోమీటర్లు మంజూరయ్యాయి. కాజీపేట, విశాఖల మధ్య తిరిగే కొన్ని బండ్లను బెజవాడ స్టేషన్‌కు రానివ్వకుండా రాయనపాడు మీదుగా మళ్లిస్తున్నారు. ఇవన్నీ మంచివే. కానీ కాజీపేట నుంచి మద్రాసు వైపు వెళ్లే బండి నదిని దాటేది మళ్లీ ఆ కొండల మధ్యే. ఒకే గుమ్మం ఉన్న ఇంట్లో పెళ్లి చేస్తూ ఇంటికి గదులు పెంచుకుంటూ పోయినట్టుంది ఇది.

దీని ఖరీదు ఎంతో 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో తెలిసింది. కాజీపేట లైనులో కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. బుడమేరు పొంగి రాయనపాడు స్టేషన్ నీళ్లలో నిలిచింది. ప్రకాశం బరాజ్ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద. హైదరాబాద్ బండ్లు కొన్నిటిని గుంటూరు, నడికుడి, పగిడిపల్లి మీదుగా తిప్పారు. విష్ణుపురం, పొందుగల దగ్గర కృష్ణను దాటే ఆ లైనే లేకపోతే ఆ వారం ఏమయ్యేదో తలుచుకుంటే భయమేస్తుంది. అయితే అది చాలావరకు సింగిల్ లైను. ఎదురు బండికి దారివ్వడానికి స్టేషన్ స్టేషన్‌లో ఆగాల్సిందే. గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు (రెండో లైనుకు) 2023 ఆగస్టులో ఆమోదం దొరికింది. ఆ పని ఎంత త్వరగా పూర్తయితే అంత మంచిది.

ఎర్రుపాలెం–నంబూరు లైను నిన్నమొన్న పుట్టిన ఆలోచన కాదు. రాజధాని అమరావతి అన్నాక, 2017–18లో 106 కిలోమీటర్ల పథకం తయారైంది. అందులో మూడు ముక్కలు: ఎర్రుపాలెం–నంబూరు, అమరావతి–పెదకూరపాడు, సత్తెనపల్లి–నరసరావుపేట. తర్వాత రాజధాని మాటే అయోమయంలో పడింది, దాంతో రైలు ఫైలూ కదల్లేదు. ఇప్పుడు ఆమోదం వచ్చింది మొదటి ముక్కకు.

ఈ లైను పూర్తయితే హైదరాబాద్ నుంచి వచ్చే బండి ఎర్రుపాలెంలో పక్కకు తిరిగి పరిటాల, అమరావతి, తాడికొండ మీదుగా నంబూరు చేరుతుంది. అక్కణ్ణుంచి గుంటూరు, తెనాలి మీదుగా మద్రాసు లైను అందుకోవచ్చు. బెజవాడలో పనిలేని బొగ్గు, సిమెంటు గూడ్సులు ఇటు మళ్లితే స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు ప్రయాణికుల బండ్లకు దొరుకుతాయి. అందుకే వంతెన ఇప్పుడే రెండు లైన్లకు సరిపడా కట్టాలని గట్టిగా కోరుకుంటున్నాను. నది మీద పని మళ్లీ మళ్లీ చేసేది కాదు. నంబూరు–గుంటూరు మధ్య కూడా అదనపు లైను ఇప్పుడే వేయాలి. లేకపోతే కృష్ణా కెనాల్ దగ్గర ఆగే బండ్లు రేపు నంబూరులో ఆగుతాయి. మిగిలిన రెండు ముక్కలనూ వదిలేయకూడదు. సత్తెనపల్లి–నరసరావుపేట 25 కిలోమీటర్లు వేస్తే, నడికుడి లైనూ గుంతకల్లు లైనూ గుంటూరు దాకా రాకుండానే కలుస్తాయి. హైదరాబాద్ నుంచి మార్కాపురం, నంద్యాల వెళ్లే బండికి గుంటూరు చుట్టు తప్పుతుంది.