రెక్క తెగని చేప

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

కిందటి వేసవిలో అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న డులూత్ రేవులో మీ నాన్న చేప తెచ్చిన ఐస్ పెట్టె మూత తీయగానే "ఇది పెంచి వదిలిందా, సరస్సులోనే పుట్టిందా తాతయ్యా?" అని అడిగారు. అప్పుడు సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

ఆ చేప లేక్ ట్రౌట్, చల్లటి సరస్సుల్లో ఉండే రకం. దాని వీపు మీద వేలు పెట్టి తోక వైపు రాశాను, గుర్తుందా? పెద్ద రెక్క దాటాక, తోకకి కాస్త ఇవతల గోరంత మెత్తటి రెక్క తగిలింది. పొట్ట కింద రెక్కలు కూడా అంచులు అరగకుండా నిండుగా ఉన్నాయి. అందుకే "ఇక్కడిదే" అన్నాను. హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి చేపపిల్లల్ని పెంచే చోట, పెంచిన పిల్లల్ని సరస్సులో వదిలేముందు గుర్తు కోసం ఏదో ఒక రెక్క కత్తిరిస్తారు. చాలాసార్లు ఆ చిన్న రెక్కే. పైగా ఇరుకు తొట్లలో పెరిగిన చేపలకి రెక్కల అంచులు అరిగిపోతుంటాయి.

నేను కైకలూరు దగ్గర చేప విత్తనం, అంటే చేపపిల్లల్ని, పెంచే చోట ముప్ఫై ఏళ్లు పనిచేశాను. చెరువులో కర్రలు పాతి, తవుడు నింపిన చిల్లుల సంచులు కడితే బొచ్చెలు, శీలావతులు వాటి చుట్టూ మూగేవి. మనిషి వస్తే మేత వచ్చినట్టే వాటికి. ట్రౌట్ తొట్లలోనూ అంతే, నీడ పడగానే పైకి వస్తాయి. సరస్సులో పుట్టిన పిల్ల నీడ పడితే రాళ్ల సందులోకి దూరుతుంది. అలా దూరనివాటిని ఏదో ఒకటి తినేస్తుంది. తొట్టిలో ఆ భయం లేదు కాబట్టి అన్నీ బతుకుతాయి, బలహీనమైనవి కూడా. అలా కొన్ని తరాలు గడిస్తే తొట్టికి అలవాటైన చేపే మిగులుతుంది. అది చేప తప్పు కాదమ్మా.

ఇప్పుడు అసలు కథ. సముద్రం నుంచి సీ లాంప్రే అనే జీవి కాలువల గుండా పెద్ద సరస్సుల్లోకి పాకింది. మలుగుపాములా ఉంటుంది, జలగలా అంటుకుని రక్తం పీలుస్తుంది. 1938 నాటికి సుపీరియర్‌లో కూడా కనబడింది. ఒకపక్క అది, మరోపక్క మనుషుల వలలు. 1950లు గడిచేసరికి మిషిగన్ సరస్సులో ట్రౌట్ ఒక్కటి కూడా మిగల్లేదు. సుపీరియర్‌లో మాత్రం ఒడ్డుకి దూరంగా ఉన్న రాతి దిబ్బల దగ్గర కొన్ని మిగిలాయి.

1958 నుంచి లాంప్రే పిల్లలుండే వాగుల్లో వాటిని చంపే మందు కలిపి అదుపులో పెట్టారు. రెండు సరస్సుల్లోనూ హేచరీ ట్రౌట్ వదిలారు. మిషిగన్‌లో 1965 నుంచి వదులుతూనే ఉన్నారు. చేపలు పెరిగాయి, వలలో పడ్డాయి, గుడ్లూ పెట్టాయి. కానీ దశాబ్దాల పాటు పిల్లలు నిలవలేదు. లేక్ ట్రౌట్ గూడు కట్టదు. శరదృతువులో రాళ్ల మీద గుడ్లు వదిలేసి పోతుంది, అవి సందుల్లోకి జారి వసంతందాకా అక్కడే ఉంటాయి. కాబట్టి రాళ్లు సరైనవి కావాలి. చాలా పిల్లల్ని లారీల్లో తెచ్చి ఒడ్డునే వదిలారు, పెద్దయ్యాక అవి ఆ ఒడ్డుకే తిరిగొచ్చాయి. తాతముత్తాతల దిబ్బలు వాటికి ఎవరు చూపిస్తారు?

ఇంకో చిక్కు తిండిలో ఉంది. ఏల్‌వైఫ్ అనే బయటి చేపని తిన్న తల్లుల గుడ్లలో బి1 విటమిన్ తగ్గిపోయి, గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లలు చచ్చిపోయేవి. పాలిష్ బియ్యమే తినేవాళ్లకి మన ఊళ్లలో ఒకప్పుడు వచ్చిన బెరిబెరి కూడా ఆ లోపమే. 2003, 2004లలో హ్యూరాన్ సరస్సులో ఏల్‌వైఫ్ కూలిపోగానే ట్రౌట్ పిల్లలు సొంతంగా పుట్టుకొచ్చాయి. వాటి తల్లులు చాలావరకు హేచరీవే. ఆ సంగతి చదివిన రోజు నాకెంత సంతోషమైందో! అంటే హేచరీ చేపకి చేతకాక కాదు, సరస్సు సహకరించాలి.

సుపీరియర్‌లో మిగిలిన ఆ కొద్ది చేపలే మళ్లీ పెరిగాయి. అవి పెరిగేకొద్దీ తెచ్చి వదిలినవి అంతగా బతకలేదు. 1996 నాటికి సరస్సులో చాలా భాగంలో వదలడమే ఆపేశారు. మీ నాన్న తెచ్చింది ఆ వంశానిదే అని నా నమ్మకం. విత్తనం పెంచిన చేతులతోనే రాస్తున్నాను: ఖాళీ అయిన నీళ్లని హేచరీ నింపగలదు, కానీ ముందు ఆ చివరి నాలుగు చేపల్ని కాపాడుకోవాలి.

ఆడది గుడ్లకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఈసారి పెద్ద చేప పడితే రెక్కలన్నీ తడిమి చూడండి. అన్నీ ఉంటే, చేతులు తడిపి పట్టుకుని, నెమ్మదిగా నీళ్లలోకి వదిలేయమని నాన్నకి చెప్పండి. ఆదివారం ఫోన్లో ఆ కబురు నాకు చెప్పాలి.

మీ తాతయ్య