డార్ఫుర్ పౌరులకు రక్షణ: హక్కు రాసుకున్నా అనుమతి అడగాల్సిందే

సూడాన్ పశ్చిమ ప్రాంతమైన డార్ఫుర్‌లో జనాన్ని ఊళ్లకు ఊళ్లే తరిమేస్తుంటే ఆఫ్రికా దేశాలు సైన్యాన్ని ఎందుకు పంపవన్న ప్రశ్న 2023 ఏప్రిల్‌లో సూడాన్ యుద్ధం మొదలైనప్పటి నుంచీ వినిపిస్తోంది. పంపే హక్కు వాళ్లకు కాగితం మీద ఉంది.

1963లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ పెట్టుకున్నప్పుడు ఆ హక్కు లేదు. ఒక దేశం గొడవలో ఇంకో దేశం తలదూర్చకూడదన్నదే అప్పటి సూత్రం. వలస పాలన నుంచి అప్పుడే బయటపడ్డవాళ్లు అలా అనుకోవడంలో తప్పు లేదు. కానీ 1994లో రువాండాలో దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని ఊచకోత కోస్తుంటే ఆ సూత్రం ఎవరికి అక్కరకొచ్చిందో తేలిపోయింది. అందుకే ఆ సంస్థ స్థానంలో వచ్చిన ఆఫ్రికా యూనియన్ కోసం 2000లో ఆమోదించిన రాజ్యాంగ చట్టంలో 4(హెచ్) అనే నిబంధన చేర్చారు. జాతిహననం, యుద్ధ నేరాలు, మానవాళిపై నేరాలు జరిగితే సభ్య దేశంలో జోక్యం చేసుకోవచ్చని దాని సారాంశం. సొంత దేశంలోనే నిర్వాసితులైనవారి కోసం 2009లో కంపాలా ఒప్పందమూ వచ్చింది. దానికి ఆధారమైన ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాల వెనకున్న ఫ్రాన్సిస్ డెంగ్ సూడాన్‌లో పుట్టినవాడే కావడం విచిత్రం.

మొదటి పెద్ద పరీక్ష డార్ఫుర్‌లోనే ఎదురైంది. 2004లో వెళ్లిన యూనియన్ సైనికుల పని మొదట పరిశీలకులకు కాపలా కాయడమే. ఆ అక్టోబర్‌లో పౌరుల రక్షణనూ చేర్చారు, కానీ షరతులతో: ప్రమాదం తక్షణం ఉండాలి, పక్కనే జరగాలి, దళానికి తాహతు ఉండాలి. ఫ్రాన్స్ అంత ప్రాంతానికి ఏడు వేల మంది! 2007 సెప్టెంబర్‌లో హస్కనీతా శిబిరంపై దాడిలో పది మంది శాంతి సైనికులే చనిపోయారు. తర్వాత ఐరాసతో కలిసి నడిపిన మిషన్ గడువు 2020 డిసెంబర్ 31తో ముగిసింది. పౌరుల రక్షణ మేమే చూసుకుంటామంది సూడాన్ ప్రభుత్వం. అందుకోసం అనుకున్న ఉమ్మడి దళంలో, ఇప్పుడు డార్ఫుర్‌లో దారుణాల ఆరోపణలు ఎదుర్కొంటున్న, 2023 నుంచి సూడాన్ సైన్యంతో పోరాడుతున్న పారామిలిటరీ దళం ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ కూడా ఉంది.

అసలు దెబ్బ బురుండీలో తగిలింది. అక్కడి ప్రభుత్వం పౌరులపై హింసకు పాల్పడుతోందన్న ఆరోపణల నడుమ 2015 డిసెంబర్‌లో 5 వేల మందిని పంపాలని యూనియన్ నిర్ణయించి, ఒప్పుకోకపోతే 4(హెచ్) వాడతామని హెచ్చరించింది. బురుండీ అధ్యక్షుడు ఎంకురుంజిజా, వస్తే దాడిగానే చూస్తామన్నాడు. నెల తిరగ్గానే దేశాధినేతల సదస్సు వెనక్కి తగ్గింది. ఆ ప్రభుత్వం సరే అంటే తప్ప దళం వెళ్లదని తేల్చేసింది. ఎవరి మీద ఆరోపణలున్నాయో వాళ్ల దగ్గరే పర్మిషన్ తీసుకోవాలన్నమాట.

2024 సెప్టెంబర్‌లో ఐరాస నిజనిర్ధారణ బృందం సూడాన్‌కు స్వతంత్ర రక్షణ దళాన్ని పంపాలని సిఫార్సు చేసింది. అక్కడి సైనిక ప్రభుత్వం వెంటనే కుదరదంది.