‘ఆగండి’ అన్నవాళ్లకు జైలు నుంచి జవాబు

1963 ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో నల్లవారి హక్కుల కోసం ఊరేగింపు తీసిన మార్టిన్ లూథర్ కింగ్‌ను పోలీసులు పట్టుకెళ్లి ఒంటరి గదిలో పెట్టారు. ఊరేగింపులు వద్దని కోర్టు రెండు రోజుల ముందే ఉత్తర్వు ఇచ్చింది. తెలిసే ధిక్కరించారాయన. అలబామాలోని ఎనిమిది మంది తెల్లజాతి మతగురువులు పత్రికలో ఒక ప్రకటన చేశారు. మంచివాళ్లని పేరున్న పెద్దమనుషులే వాళ్లు. ఈ నిరసనలు వివేకం కాదు, ఇది సమయమూ కాదు అన్నారు. ఆ ప్రకటన ఉన్న పత్రిక అంచుల మీదే కింగ్ జవాబు మొదలుపెట్టారు. అంచులు నిండాక దొరికిన కాగితం ముక్కల మీద, తర్వాత లాయర్లు అందించిన ప్యాడ్ మీద రాశారు.

ఆ ‘ఆగండి’ కొత్త మాట కాదు. 1865లో బానిసత్వం రద్దయింది. 1896లో ప్లెసీ కేసులో సుప్రీంకోర్టు, నల్లవారిని విడిగా ఉంచినా సమానంగా చూస్తే చాలంది. ఆ సూత్రం బడుల్లో చెల్లదని అదే కోర్టు చెప్పడానికి 58 ఏళ్లు పట్టింది. 1954లో వచ్చిన ఆ బ్రౌన్ తీర్పుకైనా గడువు పెట్టారా? లేదు. ఆచితూచి, వేగంగా అమలు చేయండి అని మరుసటి ఏడాది చెప్పారు. దక్షిణాది రాష్ట్రాలు ‘ఆచితూచి’ని పట్టుకుని వేగాన్ని వదిలేశాయి.

ఎందుకు ఆగలేమో చెప్పేచోట కింగ్ ఇంగ్లీషులో 300కు పైగా పదాలతో ఒకే వాక్యం రాశారు. మూకలు చంపిన తల్లిదండ్రులు, ఏ మోటెల్ కూడా గది ఇవ్వక కారులోనే పడుకున్న రాత్రులు, అన్నీ అందులో ఉన్నాయి. మధ్యలో తన ఆరేళ్ల కూతురు. టీవీలో ప్రకటన చూసి ఫన్‌టౌన్ పార్కుకు ఎందుకు వెళ్లకూడదని అడిగింది పాప. నల్ల పిల్లల్ని అక్కడికి రానివ్వరని చెప్పబోతే తండ్రికి నాలుక తడబడింది. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత జరిగినా ఫుల్‌స్టాప్ రాదు. చదివేవాళ్లకు ఊపిరి ఆడనివ్వని ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది.

మే నెలలో వీధుల్లోకి వచ్చిన పిల్లల మీద పోలీసు కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ గొట్టాలతో నీళ్లు కొట్టారు. సెప్టెంబర్‌లో చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ ఊపులోనే 1965లో వచ్చిన వలస చట్టం మన తెలుగువాళ్లకూ అమెరికా తలుపు తీసింది.

ఏప్రిల్ నాటి ధిక్కారం కేసు మాత్రం నడుస్తూనే ఉంది. 1967లో సుప్రీంకోర్టు 5-4తో శిక్షను ఖాయం చేసింది. అప్పటికి నోబెల్ శాంతి బహుమతి అందుకున్న కింగ్, ఐదు రోజుల శిక్ష కోసం అక్టోబర్ చివర్లో మళ్లీ అలబామా జైలుకు వెళ్లారు.