శాకాహారం: అపోహలు - వాస్తవాలు (ఒక డైటీషియన్ మాట)

నేను డైటీషియన్‌ని. నా దగ్గరికొచ్చేవాళ్ళలో పుట్టినప్పట్నుంచీ మాంసం ముట్టనివాళ్ళు ఉంటారు, జంతువుల మీద జాలితో మధ్యలో మానేసినవాళ్ళు ఉంటారు, గుండె కోసమో షుగర్ కోసమో మానేసినవాళ్ళూ ఉంటారు. అందరిలోనూ ఒకటి కామన్‌గా కనిపిస్తుంది, ఏం మానేశారో పక్కాగా చెప్తారు గానీ దాని బదులు ప్లేట్‌లోకి ఏం వచ్చిందని అడిగితే ఆగిపోతారు. నేనూ శాకాహారినే, అదీ జంతువుల కోసమే, అందుకే ఈ పద్ధతిలో ఉన్నవాళ్ళు నీరసపడిపోయి "మనకి పడలేదులే" అని వదిలేస్తుంటే చూస్తూ ఊరుకోలేను. రోజూ వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నా. పాలు, గుడ్లు తీసుకునేవాళ్ళకీ ఏ జంతు ఉత్పత్తీ ముట్టని వీగన్లకీ తేడా ఉన్నచోట విడిగా చెప్తా.

అపోహ: "పాలు, పెరుగు తీసుకుంటున్నాం కదా, బీ12కి ఢోకా లేదు"

అన్నిటికంటే ముందు ఇదే రాయాలి, ఎందుకంటే మిగతావి తప్పినా సరిదిద్దుకోవచ్చు, ఇది లేటయితే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

బీ12ని తయారుచేసేది బ్యాక్టీరియా. మొక్కలకి దాంతో పని లేదు, అందుకే ఆకుల్లో, పప్పుల్లో, పళ్ళల్లో నమ్ముకోదగ్గంత ఉండదు. పెద్దవాళ్ళకి రోజుకి సుమారు 2.4 మైక్రోగ్రాములు కావాలి. పావు లీటరు పాలలో ఉండేది ఒకటికి కాస్త పైన, గుడ్డులో అరకి అటూఇటూ. అంటే పాల మీదే ఆధారపడాలంటే రోజూ అర లీటరు దాకా తాగాలి, టీలో పోసుకునే నాలుగు చెంచాలు లెక్కలోకి రావు. వీగన్లకైతే బీ12 కలిపిన ఆహారమో టాబ్లెటో తప్ప ఇంకో దారి లేదు. స్పిరులినాలో (పొడిగానో టాబ్లెట్‌గానో అమ్మే ఒక రకం నాచు) ఉంది కదా అంటారు, అందులో ఉండేది ఎక్కువగా బీ12ని పోలిన పదార్థం, మన ఒంట్లో పని చేయదు.

ఇంకో చిక్కేంటంటే లివర్‌లో నిల్వ ఉంటుంది, ఏళ్ళ తరబడి సరిపోతుంది. అందుకే కొత్తగా మానేసినవాళ్ళు "రెండేళ్ళయింది, నాకేం కాలేదు" అంటారు. అయ్యేది ఆ తర్వాతే.

ఒకాయన వచ్చారు, యాభై దాటాయి, చాలా ఏళ్ళుగా శాకాహారి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. చెప్పులు కాలి నుంచి జారిపోయినా తెలియట్లేదట, నడుస్తుంటే అరికాళ్ళ కింద దూది పరిచినట్టుందట, ఇంట్లో అందరూ షుగర్ వల్లే అనుకున్నారు, ఆయనా అదే అనుకున్నారు. హిమోగ్లోబిన్ చూస్తే బానే ఉంది. బీ12 చూస్తే అడుగంటింది. ఇక్కడ రెండు విషయాలు కలిశాయి: మెట్‌ఫార్మిన్ బీ12ని ఒంటికి సరిగా పట్టనివ్వదు, ఎసిడిటీకి ఏళ్ళ తరబడి వాడే మాత్రలూ అంతే. రెండోది, ఆకుకూరల నుంచో మల్టీవిటమిన్ నుంచో ఫోలిక్ యాసిడ్ బాగా అందుతుంటే బీ12 లోటు వల్ల రావాల్సిన రక్తహీనత బయటపడకపోవచ్చు, నరాల మీద దెబ్బ మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. కాబట్టి బ్లడ్ కౌంట్ బాగుందని సంబరపడొద్దు, బీ12 విడిగా చేయించండి, రిజల్ట్ అటూఇటూగా వస్తే మిథైల్ మలోనిక్ యాసిడ్ టెస్ట్ (బీ12 లోటుని పట్టించే ఇంకో రక్తపరీక్ష) గురించి డాక్టర్‌ని అడగండి. అరికాళ్ళ తిమ్మిర్లు, నాలుక ఎర్రగా నున్నగా అవడం, మతిమరుపు, నడకలో తూలడం, ఇవి వయసు మీద పడిన లక్షణాలని తోసిపుచ్చకండి.

టాబ్లెట్ మీద 500 అని చూసి భయపడేవాళ్ళున్నారు. మన పేగు ఒక విడతలో మామూలు దారిన తీసుకోగలిగేది రెండు మైక్రోగ్రాములకి మించదు, మిగతాదాంట్లో ఒక శాతం చొప్పున లోపలికి పోతుంది, అందుకే అంత పెద్ద అంకె ఉంటుంది.

అపోహ: "శాకాహారంలో ప్రోటీన్ ఉండదు" / "పప్పు తింటున్నాం, ప్రోటీన్ సరిపోతుంది"

రెండూ తప్పే, రెండోదే ఎక్కువమందిని ముంచుతోంది.

కిలో బరువుకి 0.8 గ్రాముల చొప్పున అరవై కిలోల మనిషికి 48 గ్రాములు. ఎండు పప్పు వంద గ్రాముల్లో 24 గ్రాముల దాకా ఉంటుంది, అది చూసి అందరూ ధైర్యపడతారు. కానీ ఒక మనిషి వంతుకి పడేది ఎంత? గిన్నెలో కొలవకండి, వండకముందు కొలవండి. నలుగురికి గుప్పెడు పప్పు వేసి నీళ్ళు పోసి పలచగా చేస్తే తలా రెండు మూడు గ్రాముల ప్రోటీన్ కూడా రాదు. అదే మనిషికి రోజుకి అరవై గ్రాముల ఎండు పప్పో శనగలో రాజ్మానో లెక్కేసుకుంటే 14 వస్తాయి, ధాన్యం నుంచి ఒక ఇరవై, రెండు గ్లాసుల పాలో పెరుగో అయితే ఇంకో పదహారు, సరిపోయింది. పాలు లేనివాళ్ళు ఆ పదహారు సోయా నుంచి తెచ్చుకోవచ్చు, సోయా చంక్స్‌లో సగం బరువు ప్రోటీనే. వయసు పైబడినవాళ్ళకి, బరువులెత్తేవాళ్ళకి ఇంకా ఎక్కువే కావాలి.

ధాన్యం, పప్పు ఒకే పూట కలిపి తినకపోతే ప్రోటీన్ వేస్ట్ అన్న మాట కూడా వింటుంటా. ప్రోటీన్ తయారయ్యే అమైనో ఆమ్లాల్లో ధాన్యాల్లో లైసిన్ తక్కువ, పప్పుల్లో మిథియోనిన్ తక్కువ, అది నిజమే. కానీ రోజు మొత్తం మీద రెండూ పడితే చాలు, ఒంటికి ఆపాటి సర్దుబాటు తెలుసు. సోయా తింటే మగవాళ్ళకి టెస్టోస్టిరాన్ పడిపోతుందన్నది కూడా పరీక్షల్లో నిలబడలేదు.

అపోహ: "పాలకూర తింటే ఐరన్ వచ్చేస్తుంది"

పాలకూరలో ఐరన్ ఉంది, అది ఒంటికి పట్టేదే కొంచెం. మొక్కల్లో ఉండే ఐరన్ మాంసంలో ఉండేదానంత సులువుగా లోపలికి పోదు, అందుకే శాకాహారులు మామూలు లెక్కకి 1.8 రెట్లు తీసుకోవాలని అమెరికా పోషకాహార ప్రమాణాల్లో ఉంది. ఇక్కడ ఎంత తిన్నామన్నదానికంటే దేంతో తిన్నామన్నది పెద్ద విషయం. అదే శనగల ప్లేట్ మీద నిమ్మకాయ పిండుకుంటే, పక్కన ఒక జామకాయ ముక్కో నారింజో పెట్టుకుంటే విటమిన్ సి వల్ల బాగా పడుతుంది, అది తినగానే వేడిగా టీ తాగితే చాలావరకు పోయినట్టే. గంట, గంటన్నర ఆగండి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల గింజల్లో ఖనిజాల్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్స్ తగ్గి ఐరన్, జింక్ రెండూ మెరుగవుతాయి. ఐరన్ టాబ్లెట్‌ని పాలతో, కాల్షియం టాబ్లెట్‌తో కలిపి మింగకండి.

అయోడిన్ గురించి ఒక్క మాట: ఫ్యాషన్‌గా వాడే గులాబీ రంగు ఉప్పులో, అయోడిన్ కలిపినట్టు ప్యాకెట్ మీద లేని సముద్రపు ఉప్పులో నమ్ముకోదగ్గంత అయోడిన్ ఉండదు. చేపలు తినని, పాలు కూడా తాగని ఇంట్లో ఆ ఉప్పొక్కటే వాడితే థైరాయిడ్‌కి ఇబ్బంది.

అపోహ: "వెజ్ అంటేనే హెల్తీ"

చిప్స్ వెజ్జే, కూల్‌డ్రింక్ వెజ్జే, మైదా, నూనె, పంచదార కూడా వెజ్జే. బ్రిటన్‌లో 48 వేల పైచిలుకు మందిని ఏళ్ళ తరబడి గమనించిన ఈపిక్-ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం 2019లో వచ్చింది, అందులో మాంసం తినేవాళ్ళతో పోలిస్తే శాకాహారులకి గుండె జబ్బు 22 శాతం తక్కువ, పక్షవాతం మాత్రం 20 శాతం ఎక్కువ. ఎందుకన్నది తేలలేదు గానీ మనవాళ్ళు మొదటి సగమే షేర్ చేసుకుంటారు, రెండో సగం కూడా చదవాలి.

అపోహ: "ప్యాకెట్ మీద మాంసం పేరు లేదు కాబట్టి శాకాహారమే"

చీజ్‌లో పాలు విరగడానికి వాడే రెన్నెట్ సంప్రదాయంగా దూడ పొట్టలోంచి తీసేది. ఇప్పుడు చాలా కంపెనీలు మైక్రోబియల్ రెన్నెట్ (సూక్ష్మజీవులతో చేసింది) వాడుతున్నాయి, పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్ మాత్రం నియమం ప్రకారమే జంతు రెన్నెట్‌తో చేయాలి. జెల్లీలు, గమ్మీలు, మార్ష్‌మాలోల్లో జెలటిన్ అంటే ఎముకలు, చర్మం నుంచి వచ్చేది. ఎర్ర రంగుకి వాడే కార్మైన్ (లేబుల్ మీద E120 అని ఉంటుంది), పురుగుల్ని ఎండబెట్టి తీస్తారు. స్వీట్ల మీద మెరుపు కోసం వాడే E904, లక్క పురుగు స్రావం. కొన్ని సాస్‌ల్లో చేప ఉంటుంది. విటమిన్ డీ3 ఎక్కువగా గొర్రె ఊలులోని జిడ్డు నుంచే తయారవుతుంది, లైకెన్ (రాళ్ళ మీద, చెట్ల బెరడు మీద పెరిగే నాచు లాంటిది) నుంచి తీసింది కూడా దొరుకుతుంది. ఇదంతా చదివి బెంగ పెట్టుకోకండి, నెలకోసారి కొనే పది పదిహేను వస్తువుల లేబుల్ ఒక్కసారి నింపాదిగా చదివితే ఆ పైన అలవాటైపోతుంది.

అపోహ: "మొక్కలకీ ప్రాణం ఉంది, మీరూ చంపుతున్నట్టే"

ఈ ప్రశ్న వెటకారంగా అడిగేవాళ్ళకీ నిజంగా అడిగేవాళ్ళకీ నేను ఒకేలా జవాబిస్తా. ప్రాణం ఉండటం వేరు, బాధ తెలియడం వేరు. మొక్క వెలుతురుకి తిరుగుతుంది, ఆకు కొరికితే రసాయనాలు వదులుతుంది, కానీ నొప్పిని అనుభవించే మెదడు గానీ నాడీ వ్యవస్థ గానీ దానికి లేవు. ఇంగ్లండ్ తత్వవేత్త జెరెమీ బెంథమ్ 1789లోనే అన్నాడు, జంతువులు ఆలోచించగలవా మాట్లాడగలవా అన్నది కాదు చూడాల్సింది, బాధపడగలవా అన్నది అని. పైగా మొక్కల మీద అంత దయ ఉంటే నేరుగా మొక్కలు తినడమే తక్కువ నష్టం, ఎందుకంటే జంతువు తిని పెరిగేదీ మొక్కలే. 2018లో సైన్స్ పత్రికలో పూర్, నెమెచెక్ అనే పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం మాంసం, పాలు, గుడ్లు, చేపల పెంపకం కలిపి ప్రపంచంలోని వ్యవసాయ భూమిలో (మేత భూములు కూడా కలుపుకుని) 83 శాతం వాడుకుంటున్నాయి, మనకి ఇచ్చేది 18 శాతం కేలరీలు, 37 శాతం ప్రోటీన్.

అపోహ: "మాంసం మానేశాం, ఇంక మన వల్ల ఏ జీవికీ హాని లేదు"

ఇది చెప్తే నా తోటి శాకాహారులకే కష్టంగా ఉంటుంది. ఈనకుండా ఆవు పాలివ్వదు. ఈనిన దూడల్లో సగం మగవి, వాటికి డైరీలో పని లేదు, చాలావరకు వెళ్ళేది కబేళాకే, పాలు తగ్గిన ఆవు కూడా అంతే. గుడ్ల కోసం పెంచే జాతిలో మగ కోడిపిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ పనికిరావు కాబట్టి పుట్టిన రోజే చంపేస్తారు, జర్మనీ 2022 జనవరి నుంచి దీన్ని నిషేధించింది. పర్యావరణం వైపు నుంచి చూసినా, పైన చెప్పిన లెక్కల్లోనే సగటున కిలో చీజ్ వెనక వెలువడే, భూమిని వేడెక్కించే వాయువులు కిలో కోడిమాంసం వెనక వెలువడేవాటికి రెట్టింపు పైనే. అంటే మాంసం తీసేసి ఆ జాగాలో చీజ్ పెట్టుకుంటే మనం అనుకున్నంత మేలు జరగట్లేదు. అందరూ రేపట్నుంచి వీగన్ అయిపోండి అనట్లేదు, నాకు అది సాధ్యమైనంత మీకు కాకపోవచ్చు. పాలు ఎక్కడివో కనుక్కోవడం, చీజ్ తగ్గించి పప్పు పెంచడం, గుడ్లు ఎలాంటి ఫారం నుంచో అడగడం, ఎవరి వీలు వాళ్ళది. కానీ మన చేతులు కడిగేసుకున్నట్టు మాట్లాడుతూ పక్కవాడి ప్లేట్ చూసి మొహం చిట్లించుకోవడం నాకు అస్సలు నచ్చదు. ఒకే బల్ల మీద కూర్చున్నప్పుడు మీరు ప్రశాంతంగా తింటుంటే వాళ్ళే అడుగుతారు. భోజనానికి పిలిస్తే ముందురోజే చెప్పండి, వెళ్ళాక చెప్పి వాళ్ళని ఇబ్బంది పెట్టొద్దు. "ఇందులో ముక్కలు తీసేసి పెడతాను" అంటే మొహమాటపడకుండా వద్దనండి.

అపోహ: "ఇంట్లో పిల్లి కూడా మనలాగే తినాలి"

వద్దు. పిల్లి ఒళ్ళు మాంసంలో దొరికే టారిన్ అనే పోషకాన్ని సరిపడా తయారుచేసుకోలేదు, అది తక్కువైతే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. మన నియమం కోసం దాన్ని బాధపెట్టడం ఏ రకంగానూ దయ కాదు.

అపోహ: "క్యాప్సూల్‌లో జెలటిన్ ఉందట, మానేశా"

దయచేసి ఈ పని చేయకండి. ముందు ఫార్మసీలో అడగండి, చాలా మందులు టాబ్లెట్‌గానో సిరప్‌గానో సెల్యులోజ్ క్యాప్సూల్‌గానో దొరుకుతాయి. దొరక్కపోతే డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి, ఆయన ఇంకోటి రాయొచ్చు. ఇన్సులిన్ ఒకప్పుడు పందులు, ఆవుల నుంచే తీసేవారు, 1982 నుంచి బ్యాక్టీరియాతో తయారైంది వచ్చింది, కానీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇప్పటికీ పంది పేగుల నుంచే వస్తుంది. ఆపరేషన్ టైంలో ప్రాణం నిలబెట్టే మందు గురించి సందేహపడొద్దు. వీగన్ సొసైటీ తన నిర్వచనంలోనే "సాధ్యమైనంత, ఆచరణలో వీలైనంత" అని పెట్టుకుంది.

అపోహ: "పిల్లలకి, గర్భిణులకి శాకాహారం సరిపోదు"

సరిపోతుంది, ప్లాన్ ఉంటే. గర్భిణికి బీ12 తక్కువగా ఉండి, పుట్టాక తల్లిపాలే పడితే బిడ్డకీ లోటు వస్తుంది, కొన్ని నెలలకే బిడ్డ మందకొడిగా అవడం, నేర్చుకున్నవి పోగొట్టుకోవడం చూస్తాం, కాబట్టి గర్భం అనుకున్నప్పుడే టెస్ట్ చేయించుకోండి. చేప తినరు కాబట్టి డీహెచ్ఏ (బిడ్డ మెదడుకి, చూపుకి కావాల్సిన ఒక రకం ఒమేగా-3 కొవ్వు) కోసం ఆల్గే (నాచు) నూనె గురించి డాక్టర్‌తో మాట్లాడండి, అవిసె గింజల్లో, వాల్‌నట్స్‌లో ఉండే ఒమేగా-3 మన ఒంట్లో డీహెచ్ఏగా మారేది బాగా తక్కువ. చిన్నపిల్లల పొట్ట చిన్నది, పీచు ఎక్కువున్న తిండి రెండు ముద్దలకే నిండిపోతుంది, కాబట్టి నీళ్ళగా కాకుండా చిక్కగా ఉడికించి మెత్తగా మెదిపిన పప్పు, పైన కొంచెం నూనె, వేరుశనగ పొడో నువ్వుల పొడో కలిపి, మూడు పూటలకి బదులు ఐదారుసార్లు పెట్టండి. బరువు, ఎత్తు నెలనెలా చార్ట్‌లో పెట్టి చూడండి, గీత కిందికి వంగుతుంటే తర్వాతి నెల దాకా ఆగకుండా తీసుకురండి.