గంగోత్రి హిమానీనదం, పాత టోపోషీట్లు: అపోహలు – వాస్తవాలు

భాగీరథి నది ఎగువన, గంగోత్రి హిమానీనదం దిగువ కొస అయిన గోముఖ్ దాటిన కొండల్ని పాత సర్వే పటాల (టోపోషీట్ల) సాయంతో మ్యాపింగ్ చేసేటప్పుడు తరచూ ఎదురయ్యే అభిప్రాయాలివి.

అపోహ: షీట్‌పై అచ్చయిన సంవత్సరం నాటికి నది, మంచు పటంలో ఉన్నట్టే ఉండేవి.

వాస్తవం: చూడవలసింది ముద్రణ సంవత్సరం కాదు, అంచులో వేరుగా ఇచ్చే సర్వే సంవత్సరం.

అపోహ: పాత పటంలోని మంచు విస్తీర్ణం నుంచి నేటి విస్తీర్ణాన్ని తీసివేస్తే ఎంత కరిగిందో తేలిపోతుంది.

వాస్తవం: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పటం గీయడానికి విమానం నుంచి ఫొటో తీసిన రోజున వాలుపై నిలిచివున్న, ఆ ఏడాది కురిసిన మంచు కూడా గీసేవారి కంటికి హిమానీనదంలాగే కనిపిస్తుంది కనుక, తరువాతి కాలపు తగ్గుదల ఉన్నదానికంటే ఎక్కువగా లెక్కకు వస్తుంది. దిగువన ఇబ్బంది మరో రకం: గంగోత్రి చివరి భాగాన్ని రాళ్లూ మట్టీ కప్పేయడంతో, ఆ పొర కింద మంచు ఎక్కడిదాకా ఉందో పైనుంచి చూసి చెప్పడం కష్టం. అందుకే అమెరికా 1995లో బయటపెట్టిన ‘కరోనా’ అనే నిఘా ఉపగ్రహాల చిత్రాలతో షీట్‌ను సరిచూసుకుంటాం. 1965 నాటి అటువంటి చిత్రం ఆధారంగా చేసిన లెక్క ప్రకారం, 2006 నాటికి గోముఖ్ దాదాపు 819 మీటర్లు వెనక్కి జరిగింది. అంటే ఏడాదికి సుమారు 20 మీటర్లు.

అపోహ: చేత్తో గీసిన పటాలు నేటి పనికి పనికిరావు.

వాస్తవం: భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన జె.బి. ఆడెన్ 1935లో గోముఖ్ వద్ద ప్లేన్ టేబుల్ (అక్కడికక్కడే కొలిచి పటం గీసే బల్ల) నిలిపి గీసిన పటాన్ని ఇప్పటికీ పోలికకు వాడుతున్నారు. ఎదురుగా నిలబడి కొలిచినది కదా!

అపోహ: జీపీఎస్ బిందువులు పాత షీట్‌పై నేరుగా కుదురుతాయి.

వాస్తవం: స్థానాలను లెక్కించడానికి భూమి ఆకారాన్ని ఒక గణిత నమూనాగా తీసుకుంటారు; పాత షీట్లకు ఆధారం ఎవరెస్ట్ గోళాభం అనే నమూనా, జీపీఎస్‌కు ఆధారం డబ్ల్యూజీఎస్ 84 అనే నమూనా. ఒకదాని నుంచి మరోదానికి మార్పిడి చేయకపోతే ఇక్కడ బిందువు వంద మీటర్లకు పైగా పక్కకు పడుతుంది. 1:50,000 షీట్‌పై అది రెండు మిల్లీమీటర్లే అయినా, గోముఖ్ ఐదేళ్లలో వెనక్కి జరిగే దూరంతో సమానం.

అపోహ: షీట్‌ను ఉపగ్రహ చిత్రంపై కూర్చోబెట్టడానికి నదీ పాయల కలయికలు మంచి గుర్తులు.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే చేసి, గోముఖ్ దిగువన ఒక పాయల కలయికను గుర్తుగా పెట్టాను, షీట్ ఆ మూల సాగిపోయి, అవతలి ఒడ్డు కొండవాలు నీళ్లలోకి దిగినట్టు కనిపించింది. తప్పు సర్వేది కాదు, సర్వే తరువాత పాయే జరిగింది. ఇప్పుడు శివలింగ్ వంటి శిఖరాలను, రాతి గట్ల కొసలను మాత్రమే గుర్తులుగా తీసుకుంటున్నాను.