మూర్ఛ మందులు: గుణం ముందు, కారణం తరవాత

మూర్ఛకు ఏళ్ల తరబడి మాత్రలు వేసుకునేవారిని ఒక ప్రశ్న వెంటాడుతుంది: ఈ మందు నా మెదడును ఏమి చేస్తోంది? దీనికి జవాబు సూటిగా దొరకకపోవడానికి కారణం ఈ మందుల చరిత్రలోనే ఉంది. వీటిలో చాలావాటికి గుణం ముందు కనిపించింది. ఎలా పనిచేస్తాయన్నది దశాబ్దాల తరవాత గాని తేలలేదు.

1857లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ లోకాక్ పొటాషియం బ్రోమైడ్‌తో కొందరు స్త్రీలకు మూర్ఛలు తగ్గాయని చెప్పాడు. కామోద్రేకం వల్ల మూర్ఛ వస్తుందనీ, బ్రోమైడ్ దాన్ని చల్లారుస్తుందనీ ఆనాటి నమ్మకం. ఆ నమ్మకం తప్పు. మందు మాత్రం పనిచేసింది. 1912లో జర్మన్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్ రోగులకు నిద్ర పట్టాలని ఫినోబార్బిటాల్ ఇస్తే, మూర్ఛలే తగ్గుముఖం పట్టాయి.

ఈ రెండు మందులూ మగతను తెచ్చేవే. కాబట్టి మెదడును జోకొడితే తప్ప మూర్ఛ ఆగదని అనుకోవడం సహజం. 1938లో అమెరికాలో మెరిట్, పట్నం అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఊహను పడగొట్టారు. పిల్లులకు విద్యుత్తుతో మూర్ఛ తెప్పించి, ఒక్కో రసాయనాన్నీ పరీక్షిస్తూ పోగా, అంతగా మత్తు కలిగించని ఫెనిటాయిన్ దొరికింది.

అది పనిచేసే తీరు నాకు ఇప్పటికీ అబ్బురమే. నాడీకణం పొరలోని సన్నని ద్వారాల గుండా సోడియం లోపలికి దూసుకొస్తేనే విద్యుత్ సంకేతం పుడుతుంది. సంకేతం పుట్టిన ప్రతిసారీ ఆ ద్వారం క్షణకాలం మూతపడి మళ్లీ సిద్ధమవుతుంది. ఫెనిటాయిన్ మూతపడిన ద్వారాన్ని పట్టుకుని మరికాసేపు తెరుచుకోనివ్వదు. అందుకే మూర్ఛలో ఎడతెరిపి లేకుండా సంకేతాలు పంపే కణాలకు పగ్గం పడుతుంది. మామూలు వేగంతో నడిచే కణాలపై ఆ ప్రభావం తక్కువ. కార్బమజెపైన్ అనే మరో మూర్ఛ మందు కూడా ఇదే దారిలో పనిచేస్తుంది.

1950లో మెదడులో గాబాను కనుగొన్నారు. కణాలను శాంతింపజేసే రసాయనం ఇదేనని తరవాత రుజువైంది. ఫినోబార్బిటాల్ చేసేది గాబా ప్రభావాన్ని పొడిగించడమేనని అప్పుడు అర్థమైంది. 1960లలో ఫ్రాన్స్‌లో వేరే మందులను కరిగించడానికి వాల్‌ప్రోయిక్ ఆమ్లాన్ని వాడారు. అందులో కరిగించినవన్నీ మూర్ఛను ఆపుతుంటే అసలు గుణం ద్రావకానిదేనని బయటపడింది. లెవెటిరాసెటామ్ అనే మందు 1999లోనే వాడుకలోకి వచ్చినా, అది మెదడులో అతుక్కునే ప్రొటీన్ ఏదో 2004లో గాని తెలియలేదు.

గాబా, దానికి ఎదురుగా కణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్, మూర్ఛకు మాత్రమే సంబంధించినవి కావు. నిద్ర, జ్ఞాపకం, మనఃస్థితి అన్నీ వాటి మీదే నడుస్తాయి. లెవెటిరాసెటామ్ మొదలుపెట్టాక కొందరికి చిరాకు, కోపం పెరుగుతాయి. ఇంట్లోవాళ్లు దాన్ని రోగి స్వభావంగా చూడటం అన్యాయం. ఆ మార్పును డాక్టరుకు చెప్పాలి. డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, మందే మార్చవచ్చు.

అలాగని సొంతంగా మాత్రలు మానేయకూడదు. మందుకు అలవాటుపడి సర్దుకున్న మెదడుకు ఒక్కసారిగా ఆ ఆసరా పోతే మూర్ఛలు తిరగబెడతాయి. ఒక్కోసారి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. మరీ ముఖ్యంగా ఫినోబార్బిటాల్ వంటివాటిని వారాలు, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావడం అందుకే.