శాలువా వద్దు, ఫీజు ఇవ్వండి: యాప్ యాక్సెసిబిలిటీపై అపోహలు - వాస్తవాలు

వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు వికలాంగులు వాడుకునేలా ఉన్నాయో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. ఊరు బెంగళూరు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ ఆఫీసుకెళ్లినా టీమ్‌లో సగం మంది తెలుగువాళ్లే కాబట్టి రిలీజ్ ముందు వాదనలు కూడా తెలుగులోనే జరుగుతుంటాయి. అక్కడ తరచూ వినపడే మాటలు ఇవి.

అపోహ: మా యూజర్లలో చూపులేనివాళ్లు లేరు.

వాస్తవం: లేరని ఎలా తెలిసింది? తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ని ఎవరు వాడుతున్నారో బ్రౌజర్ మీ సైట్‌కి చెప్పదు. లాగిన్ పేజీలోనే చిక్కుకుపోయి వెళ్లిపోయిన మనిషి మీ లెక్కల్లో ఆసక్తి లేని కస్టమర్ కింద జమ అవుతాడు. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. పైగా వైకల్యం అంటే అంధత్వం ఒక్కటే కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. పార్కిన్సన్స్‌తో చేతులు వణికేవాళ్లు చిన్న చిన్న బటన్లను నొక్కలేరు. ఫోన్ చేసి మాట్లాడితే తప్ప పని జరగని హెల్ప్‌లైన్ వినపడనివాళ్లకు మూసిన తలుపే.

అపోహ: ఇంట్లో ఎవరో ఒకరు చేసిపెడతారు కదా.

వాస్తవం: చేసిపెట్టడమంటే యూపీఐ పిన్ వాళ్ల చేతిలో పెట్టడం. ఆ అవసరం అసలెందుకు? ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్లు ఫోన్‌తోపాటే వస్తాయి. వేలితో కుడివైపు జరిపితే తర్వాతి అంశాన్ని చదువుతాయి, రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. అలవాటున్నవాళ్లు పెట్టుకునే వేగంలో మనకు ఒక్క ముక్క అర్థం కాదు. చిక్కంతా మన కోడ్‌లోనే. పేమెంట్ స్క్రీన్ మీద మూడు బొమ్మల బటన్లుండి, కోడ్‌లో వాటికి పేర్లు పెట్టకపోతే మూడింటికీ ‘పేరు లేని బటన్’ అనే వినిపిస్తుంది. డబ్బు పంపేది ఏది, రద్దు చేసేది ఏది? ఆ బటన్‌కి పేరు పెట్టడం డెవలపర్‌కి ఒక్క లైను పని.

అపోహ: యాక్సెసిబిలిటీని దానంతట అదే పరీక్షించే టూల్‌లో నూటికి నూరు వచ్చింది, ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఇదే. ఫోటోకి వివరణ ఉందా లేదా అన్నది టూల్ చూస్తుంది. ఆ వివరణలో ‘ఫోటో’ అని మాత్రమే రాసి ఉన్నా చాలాసార్లు పాస్ చేసేస్తుంది. మన భాష దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. పేజీ మొత్తం తెలుగులో ఉంటుంది, కోడ్‌లో మాత్రం భాష ‘ఇంగ్లీష్’ అని ఉంటుంది. భాష పేరు ఉంది కాబట్టి టూల్ సంతోషిస్తుంది. స్క్రీన్ రీడరేమో ఇంగ్లీష్ గొంతుతో మొదలుపెట్టి, తెలుగు అక్షరాలు రాగానే మౌనంగా దాటేయవచ్చు. ‘తెలుగు’ అని ప్రకటిస్తే తెలుగు గొంతుకి మారే అవకాశం ఉంటుంది.

డీటీపీలో వాడే అను ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌ల సంగతి మరీ దారుణం. అవి యూనికోడ్, అంటే ప్రతి తెలుగు అక్షరాన్నీ కంప్యూటర్ తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి, కావు. కంటికి చక్కటి తెలుగు, లోపల మాత్రం ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తుల కలగూరగంప. స్క్రీన్ రీడర్ ఆ కలగూరగంపనే చదువుతుంది. నోటీసుని ఫోటో తీసి అప్‌లోడ్ చేస్తే చదవడానికి అక్షరమే ఉండదు. చూపు తక్కువున్న పెద్దవాళ్లు ఫాంట్ సైజు పెంచుకుంటే ఇంకో తంటా. ఇంగ్లీషుని చూసి కొలిచిన బటన్‌లో మన వత్తులు కిందికి తెగిపోతాయి. తెలుగు డిజైన్‌లో వరుసల మధ్య ఖాళీ ఎక్కువ ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా, స్క్రీన్ నిండా ఇంగ్లీషుతోనే నమూనా గీస్తారు.

అపోహ: ఒక ప్లగిన్ పెడితే సైట్ దానంతట అదే సర్దుకుంటుంది.

వాస్తవం: పేజీ మూలన చక్రాల కుర్చీ బొమ్మ పెట్టి అమ్మే, సైట్‌కి తగిలించుకునే రెడీమేడ్ కోడ్ ఇది. తమ ఏఐ టూల్ ఏ సైట్‌నైనా ప్రమాణాలకు సరిపోయేలా మార్చేస్తుందని ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ అనే కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో చర్య తీసుకుంది. 10 లక్షల డాలర్లు కట్టమంది. పేరు లేని బటన్ దేనికోసమో రాసినవాడికి తెలిసినట్టు ప్లగిన్‌కి తెలియదు.

అపోహ: చట్టం ప్రభుత్వ సైట్లకే, మాకు కాదు.

వాస్తవం: సేవలు అందించేవాళ్లు ప్రభుత్వమైనా, ప్రైవేటైనా 2016 చట్టం పరిధిలోకి వస్తారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కస్టమర్ ఎవరో ధ్రువీకరించుకునే కేవైసీలో కళ్లు ఆర్పమని కెమెరా అడిగితే, యాసిడ్ దాడిలో రెప్పలు దెబ్బతిన్నవాళ్లు, చూపులేనివాళ్లు ఏం చేయాలన్నది అక్కడి ప్రశ్న. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చింది. కేవైసీ మార్చాలంటూ ఆదేశాలిచ్చింది.

అపోహ: డిజైన్ అందం పోతుంది, ఖర్చు పెరుగుతుంది.

వాస్తవం: మామూలు అక్షరాలకీ వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. తెలుపు మీద లేత బూడిద రంగు అందమని ఎవరు చెప్పారో గానీ, మధ్యాహ్నం ఎండలో బస్టాప్‌లో నిలబడితే ఆ అక్షరాలు ఎవరికీ కనపడవు. ఖర్చంటారా, రిలీజ్ అయ్యాక తవ్వి సరిచేస్తే నిజంగానే ఎక్కువ.

అపోహ: మేమే కళ్లు మూసుకుని టెస్ట్ చేసుకుంటాం.

వాస్తవం: చేయండి, పేరు లేని బటన్లు దొరుకుతాయి. కానీ ఆ స్క్రీన్ గీసింది మీరే, ఏది ఎక్కడుందో మీకు ముందే తెలుసు. రోజూ స్క్రీన్ రీడర్‌తోనే బతుకు నడిపేవాళ్లు మీరు ఊహించని చోట ఆగిపోతారు. వాళ్లని పిలవండి. కానీ ఫోటో దిగి, శాలువా కప్పి, ఒక మొక్క చేతిలో పెట్టి పంపేయకండి. వాళ్లు చేసింది టెస్టింగ్. ఇన్‌వాయిస్ తీసుకుని మిగతా టెస్టర్లకిచ్చే రేటే ఇవ్వండి.